పెంకు మీద అడుగు

నా ఉద్యోగం కూర్చోవడం.
మూడో గదిలో, కిటికీ పక్కన, చెక్క కుర్చీలో
పదింటి నుంచి రెండింటి దాకా,
మళ్ళీ నాలుగింటి నుంచి ఏడింటి దాకా.
"ముట్టుకోకండి" అన్న మాట నాకు ఎనిమిది భాషల్లో వచ్చు.
మిగతా మాటలన్నీ ఒక్క కాటలాన్‌లోనే.

ఈ ఇల్లు ఒకప్పుడు సున్యేర్ గారిది.
సీసా బిరడాలు అమ్మి గడించిందంతా
బొమ్మల్లో పోశాడు.
గోడలు చాలక కప్పుకి కూడా తగిలించాడట.
వాటిలో సగం సముద్రాలు.
కిటికీలోంచి కనిపించే అసలు సముద్రం
ఏనాడూ ఈ పటాల రంగులో ఉండదు.
వచ్చినవాళ్ళు మాత్రం పటాన్నే ఫోటో తీసుకుంటారు.

ఎదురుగా అలమారలో రెండువందల పన్నెండు తాళంచెవులు.
ఏ ఒక్కదానికీ తలుపు లేదు.
ఊసుపోక లెక్కపెడుతుంటాను.
ఒక్కోరోజు రెండువందల పదకొండే వస్తాయి.

మా ఊళ్ళో ఎవరూ లోతుగా తవ్వరు.
టొమాటో మొక్క నాటేవాడు కూడా జానెడు దగ్గర ఆగిపోతాడు,
కింద రోమ్ ఉంటుందని భయం.
దొరికితే చెప్పాలి. చెబితే వాళ్ళొచ్చి తాడు కట్టేస్తారు,
తాడు అవతల నీ వంటిల్లు ఉండిపోతుంది.

పోయిన ఫిబ్రవరిలో
గ్రిసెల్డా చేపల కొట్టు వెనక మురుగ్గొట్టం పగిలింది.
మా ఆయన ఎవుదాల్డ్ తాపీమేస్త్రీ.
మోకాలి లోతు తవ్వాడో లేదో గునపం ఖంగుమంది.
ఆ చప్పుడు ఆయనకు తెలుసు, వాళ్ళ నాన్నకీ తెలుసు.
నాన్నైతే మట్టి కప్పేసి, ఇంటికొచ్చి సూప్ తాగి పడుకునేవాడు.
ఎవుదాల్డ్ టోపీ తీసి గుంట గట్టున కూర్చున్నాడు.
"రాయే కదా?" అంది గ్రిసెల్డా పైనుంచి.
"రాయే."
"ఎలాంటి రాయి?"
ఆయన జవాబు చెప్పలేదు.

ఏడు నెలలు.
పళ్ళు తోమినట్టు గోడని తోముతూ, బ్రష్షులు పట్టుకున్న కుర్రాళ్ళు.
గ్రిసెల్డా వీధిలో గొడుగు పాతి సార్డీన్లు అమ్మింది,
చేపతో పాటు ఒక తిట్టు కూడా పొట్లం కట్టి ఇచ్చింది
సీజర్లకి, మునిసిపాలిటీకి, మా ఆయనకి, ఆ వరసలో.
నాతో ఆగస్టు దాకా మాట్లాడలేదు.

చివరికి తేలింది
ఒక గోడ, మూడు మెట్లు, నూనె జాడీ మూతి.
బంగారం లేదు, దేవత లేదు,
చెప్పుకోవడానికి ఒక్క శాసనమైనా లేదు.
ఇంకా, పీటంత మట్టి పెంకు,
దాని మీద కుక్క అడుగు.
కొండ తవ్వి ఎలుకను పట్టినవాళ్ళున్నారు.
మేం మురుగ్గొట్టం తవ్వి కుక్కను పట్టాం.

ఇప్పుడది నా గదిలో, తాళంచెవుల పక్కన, గాజు కింద.
ఎండబెట్టిన పచ్చి పెంకుల మీదుగా
ఒక మధ్యాహ్నం ఎటో పరిగెత్తింది.
గోళ్ళు లోతుగా దిగాయి, మడమ అంటీ అంటనట్టు.
ఎవరో పిలిచి ఉండాలి, లేదా తరిమి ఉండాలి.
పెంకుల పనివాడు అరిచే ఉంటాడు
ముట్టుకోకు అని, నాకు రాని తొమ్మిదో భాషలో.

నిన్న గ్రిసెల్డా వచ్చింది.
ఊరివాళ్ళకి ఊరికేనన్నా వినకుండా టికెట్ కొనుక్కుని మరీ.
సముద్రాల వంక చూడలేదు.
సరాసరి గాజు దగ్గర వంగి,
"రెమేయ్, నీ కళ్ళజోడు ఇలా ఇవ్వు" అంది.
చాలాసేపు చూసింది.
"ఇంత పాదానికా నా ఏడు నెలలు?"
చేతికి ఇంకా పొలుసులున్నాయి.
చూపుడువేలితో గాజు మీద
నాలుగు వేళ్ళ చోట నాలుగు చుక్కలు పెట్టింది.

నేను కుర్చీలోంచి లేచాను.
మాట ఎనిమిది భాషల్లోనూ నోటిదాకా వచ్చింది.
మళ్ళీ కూర్చున్నాను.

ఏడింటికి గాజు తుడవాలి, అదీ నా పనే.
బయట ఎవుదాల్డ్ స్కూటర్ హారన్ కొడుతున్నాడు.
పొలుసొకటి అంటుకుని ఉంది,
దీపం ఆర్పాక కూడా కనిపిస్తూ.