తాళంచెవి

హేమాయ్ దీవి మునిసిపల్ ఆఫీసులో
మూడు వారాలుగా నాకిదే పని:
పటంలో ప్రతి గడికీ ఒక రికార్డును ముడివేయడం.
గడి మీద వేలు పెడితే చాలు,
యజమాని పేరు, కొలతలు, పన్ను బకాయి
పిలిస్తే పలకాలి.

తూర్పు వీధులు పలకవు.
డెబ్భైమూడు జనవరిలో కొండ పగిలి
వాటి మీదుగా నడిచింది.
రికార్డులున్నాయి, గడుల్లేవు.
జత దొరకలేదంటుంది కంప్యూటర్,
విసిగిన పెళ్ళిళ్ళ పేరయ్యలా.

గుడ్లోయ్గుర్ తాత వచ్చాడు,
కోటు నిండా ఉప్పుగాలి.
తుప్పుపట్టిన తాళంచెవి బల్ల మీద పెట్టాడు.
"ఆ రాత్రి పడవెక్కే ముందు తాళం వేశాం,
నిప్పు తలుపు తట్టి వస్తుందన్నట్టు."

నల్లరాతికి నలభై మీటర్ల పైన
ఒక చతురస్రం గీశాను.
"కాస్త ఎడమకి," అన్నాడు,
"అది స్టేన్వోర్ వాళ్ళ బంగాళాదుంపల మడి."

జరిపాను. సంఖ్య కలిపాను. నొక్కాను.
రెండు గదులు, పొగగొట్టం, నీలం గుమ్మం,
ఆయన పేరు, దాని కింద వాళ్ళమ్మ పేరు.
అన్నిటికన్నా కింద
ఆ ఏటి బకాయి: పద్దెనిమిది క్రోనర్లు.

తాత కళ్ళజోడు సర్దుకుని
రెండుసార్లు చదివాడు.
తర్వాత పర్సు తీశాడు.