సొట్ట ధర

ఇంజను నెంబరు, ఛాసిస్ నెంబరు
ఫోను వెలుతుర్లో రెండుసార్లు సరిచూసుకున్నాను.
ఎనభై నాలుగు మోడలు, రాజ్‌దూత్ మూడొందల యాభై, హై టార్క్.
జంట సైలెన్సర్లూ పుట్టినప్పటివే,
రంగు కూడా కంపెనీదే, ఎవడూ బ్రష్షు పెట్టలేదు.
ఇలాంటిది మళ్ళీ దొరకదని లోపల దడదడలాడుతున్నా
మొహం మాత్రం బేరగాడి మొహంలాగే ఉంచాను.

"టాంకుకి ఈ సొట్టేమిటి?" అన్నాను,
ఓ ఇరవై వేలు తగ్గించుకోడానికి.

తవిటినాయుడు గోగునార కట్ట మీద కూచుని
మోకాలు రాసుకున్నాడు.
"అది రైలుగేటు, బాబూ."

ఒకటే ప్రింటు, రెండు హాళ్ళు.
చీపురుపల్లిలో తిరిగిన రీలు
వేడి చల్లారకుండా రాజాం చేరాలి.
మధ్యలో ఈ బండి, వెనక రేకు డబ్బా,
డబ్బా మీద అడ్డంగా బిగించిన లారీట్యూబు ముక్క.
బ్రేకులు మాత్రం దేవుడి మీద భారం.
ఓ దసరా రాత్రి తొమ్మిదో రీలుతో బయల్దేరితే
గేటు పడిపోయింది.
అక్కడ తెర మీద పళ్ళపొడి స్లైడు.
ఈలలు, కుర్చీలు విరిగే చప్పుడు
ఇక్కడికే వినబడినట్టయిందట.

"తొంగోబెట్టీసి కిందనుంచి ఈడ్సీసినాను.
ఎనక సక్రం దాటిందో నేదో, గూడ్సు ఎల్లిపోనాది.
కంకర్రాయి దిగిపోనాది టాంకులోకి.
రీలుకేటీ అవనేదు."

పద్నాలుగేళ్ళు మోశాడు,
ఒక్క సినిమా పూర్తిగా చూడలేదు.
ఈ హాల్లో పెళ్ళి,
ఆ హాల్లో తొలిచూపు,
నడుమ ఇరవై కిలోమీటర్ల చీకటి.

ఇరవై వేల మాట ఇక ఎత్తలేదు నేను.
సిగ్గుపడి కాదు.
కథ ఉన్న సొట్టకి ధర పెరుగుతుందని
నాకు తెలుసు,
ఆయనకి తెలీదు.

మూడో కిక్కుకి అందుకుంది.
నీలం పొగ దండేల మీది నారలోకి పాకింది.
పక్కింటి అసిరమ్మ తలుపు తీసి తిట్టబోయి,
చప్పుడు గుర్తుపట్టి,
ఏమీ అనకుండా గుమ్మంలోనే నిలబడింది.

మూడు లక్షల ఎనభై లెక్కపెట్టుకుని
ఆయన కేరియరు నుంచి ట్యూబు ముక్క విప్పి
చుట్టచుట్టి జేబులో పెట్టుకున్నాడు.
"అదీ ఇస్తే బావుంటుంది కదా, దీంతో పాటే ఉన్నది."
"అది బండిది కాదు, బాబూ. డబ్బాది."

మినీవ్యాను మీద తాళ్ళతో బిగించాం.
విజయనగరంలో నా షెడ్డులో ఇప్పటికే నాలుగున్నాయి,
వారానికోసారి గుడ్డతో తుడుస్తాను,
రోడ్డు మీదికి తియ్యను.

ఊరు దాటకముందే గేటు పడింది.
బొగ్గు వ్యాగన్లు ఒకటీ ఒకటీ
నలభై దాకా లెక్కపెట్టి మానేశాను.
డ్రైవరు ఇంజను ఆపి
"తొందరేం లేదు కద్సార్" అన్నాడు.

లేదన్నాను.