మొలకెత్తిన సరుకు

లింగిచెట్టి వీధి, మూడో అంతస్తు.
కిటికీ తెరిస్తే హార్బరు క్రేన్ల మెడలు,
మూస్తే కింద దుకాణంలో కాఫీ గింజలు మాడే వాసన.
పదకొండేళ్లుగా ఇక్కడ కూచుని
చూడని ఊరికి కూరలు పంపుతున్నాను.

కొత్తవాల్ చావడిలో తక్కెడ పట్టిన మా తాతకి
కొనేవాళ్ల ముఖం కనపడేది.
నాకు కనపడేది సంతకం.

మాలే.
పటం మీద వేలు పెడితే గోటి కింద దాక్కునే ఊరు.
అక్కడ చేప ఉంది, కొబ్బరి ఉంది,
ఇసుక ఉంది, చుట్టూ తాగలేని నీళ్లున్నాయి.
మిగతాదంతా నా బీరువాలో ఉంది:
ఉల్లి, నామక్కల్ గుడ్లు, పచ్చిమిర్చి,
వాటికి జబ్బు లేదని గుండ్రటి ముద్ర.
"ఆ ఊళ్లో ఏం వండుకుంటారే?" అంటుంది అమ్మ.
ఏమో. రంజాను ముందు ఇండెంటు రెట్టింపవుతుందని తెలుసు, అంతే.

ఆ రాత్రి ఢిల్లీ నుంచి ఒక కాగితం దిగింది.
నాలుగే వాక్యాలు. ఉల్లి దేశం దాటరాదు.
తప్పని ఎలా అనను?
ఆ పొద్దున్నే మా ఆఫీసు ఊడ్చే అంజుగం
కిలో తొంభై అని విని
రెండు గడ్డలు కొంగున ముడేసుకుని వచ్చింది.

మా కంటెయినరు గేటు లోపల. ఓడ బయట.
సీలు ఎవరు విప్పాలంటే
కస్టమ్స్‌లో ముగ్గురు ముగ్గురి పేర్లు చెప్పారు.

షియామ్ గారు ఫోను చేశారు,
ఆయనదీ నాదీ కాని ఇంగ్లీషులో.
అరవలేదు. అరిస్తే బాగుండేది.
"మా ఇంట్లో ఉల్లిబుట్టని మదరాసు అంటాం.
మదరాసు ఖాళీ అయిందని మా ఆవిడ నిన్నే చెప్పింది" అన్నారు.
నవ్వారో, దగ్గారో.

మా కందిపప్పు మొజాంబిక్‌ది,
మా అప్పడాలు వేగే నూనె మలేషియాది
అని చెప్పబోయి ఆగాను.
మేడ ఉన్నవాడు పాకవాడితో
తన అప్పుల గురించి చెప్పుకున్నట్టుంటుంది.

పద్నాలుగో రోజు సీలు తెంపారు.
తలుపు తీయగానే కూలీలు ముక్కు మూసుకుని వెనక్కి దూకారు.
కింది వరసలు నీరైపోయాయి.
పై వరసల్లో మాత్రం
ఎర్ర వలసంచుల కంతల్లోంచి జానెడు పచ్చటి కాడలు,
మన్ను అడగకుండా,
వెలుతురు ఎటుందో తెలియక
ఒక్కోటీ ఒక్కో దిక్కుకి వంగి.
ఒకడు గుప్పెడు తుంచి లుంగీలో దోపుకున్నాడు, కూరకి.

బీమా ఫారంలో సరుకు స్థితి అనే గడి ఉంది.
తడిసినది, కుళ్లినది, పోయినది.
మొలకెత్తినది లేదు.
కుళ్లినది దగ్గర టిక్కు పెట్టాను.

సాయంత్రం షియామ్ గారి మెసేజి.
ఉల్లి ఊసే లేదు. గుడ్ల రేటెంత, అంతే.
రేటు కొట్టి, కింద
రోజూ కొట్టే వాక్యమే కొట్టి,
ఆ వాక్యం వంక కాసేపు చూసి పంపాను:
ఈ ధర ఈ రోజుకి మాత్రమే.