రెండు బాయిలర్లు

ఇనుప సామాన్ల కొట్లో, మేకుల డబ్బాల దగ్గర
ఆవిడ నన్ను ఆపింది.
టెక్సస్ నుంచి దిగి పదిరోజులు. కోటు కొత్తది,
సుపీరియర్ సరస్సు గాలికి అది చాలదని ఇంకా తెలీదు.
"రెండు బళ్ళూ మీరే చూస్తారట కదా,
మావాణ్ణి ఎందులో వెయ్యను?"

చేతిలో కాగితం, జిల్లా వాళ్ళు వేసింది.
కొండ మీది బడికి పదికి ఏడు,
ఒడ్డు బడికి నాలుగు.
బడిని పుచ్చకాయలా తట్టి చూసి
అంకె చెప్పేవాళ్ళున్నారు కాబోలు ఎక్కడో.

నేను పంతుల్ని కాను, బాయిలర్ మేస్త్రీని.
నలభై రెండు చలికాలాలుగా
ఆ బళ్ళని కిందనుంచే చూశాను.
నేలమాళిగలో నిలబడితే ఏ బడైనా
ఒక దగ్గు, ఒక మూలుగు,
నెత్తిమీద కుర్చీలు జరుపుతున్న చప్పుడు.

కొండ బడిది జర్మనీ బాయిలర్.
చిన్న తెర, ఆకుపచ్చ అంకెలు,
తన జబ్బు తనే చెప్పుకుంటుంది,
సగం అబద్ధాలు.
ఒడ్డు బడిది మా నాన్న బిగించింది.
చెయ్యి ఆనించి, చెవి ఆనించి,
ఒక్కోసారి బూతులు తిట్టి తెలుసుకోవాలి.

ఇవి ఆవిడకేం పనికొస్తాయి?
కొండ మీద కిటికీలకి రెండేసి అద్దాలు, చెప్పాను.
మంగళవారాలు వయొలిన్ నేర్పే అమ్మాయి వస్తుంది.
ఒడ్డున... మూడో తరగతికి ఐలి కివెలా ఉంది.
"అంటే?" అంది.
అంటే ఎలా చెప్పను.

మంచు తొక్కుకుంటూ వచ్చిన పిల్లల తడి చేతితొడుగులు
ఐలి రోజూ తొమ్మిదింటికి బుట్టలో కిందికి తెస్తుంది,
నా వేడి గొట్టాలకి క్లిప్పులతో తగిలిస్తుంది.
జతలుండవు. ఎర్రదానికి నీలం తోడు,
చేతులకెక్కిన మేజోళ్ళు రెండు.
తడి ఉన్ని వాసన తడి కుక్కకి దగ్గర చుట్టం.
మధ్యాహ్నానికి ఎవరివి వాళ్ళకి పంచేస్తుంది,
వాటి మీద ఏ పేరూ లేకపోయినా.
కొండ మీద ప్రతి జతకీ పేరు కుట్టి ఉంటుంది,
అమ్మలు కుట్టారు. అదీ తప్పు కాదు.

ఆవిడ ఏడుని ఎంచుకుంది.
నేనైనా అంతేనేమో.
కాకిపిల్ల కాకికి ముద్దు,
పెద్ద అంకె అందరికీ ముద్దు.

ఫిబ్రవరిలో, సున్నాకి ముప్పై కింద,
తెర మీద "అంతా క్షేమం" అని రాసుకుని
జర్మనీది చచ్చిపోయింది.
విడిభాగం రావడానికి తొమ్మిది రోజులు.
నలభై ఒక్కమంది పిల్లలు బస్సులో కొండ దిగారు.
బల్లకి ఇద్దరు, పట్టనిచోట ముగ్గురు.
వయొలిన్లు వంటగదిలో, బంగాళాదుంపల బస్తాల మీద.
కొట్లాటలు లేవని చెప్పను.
సాల్మినెన్ వాళ్ళ బుడ్డోడి పన్ను ఊడింది,
అది ఎలాగూ ఊడాల్సిన పన్నేనని తర్వాత తేలింది.

గొట్టాలు చాలక గోడనుంచి గోడకి తాడు కట్టాం.
మూడోరోజుకి ఐలి
పేరున్నవాటిని కూడా పేరు చూడకుండా
ముట్టుకునే పోల్చుకుంటోంది.
ముసలి బాయిలర్ రాత్రంతా రొప్పింది,
నేను పక్కనే మడత మంచం వేసుకున్నాను,
జ్వరం వచ్చిన మనిషి దగ్గర పడుకున్నట్టు.

పదోరోజు ఎవరి బడికి వాళ్ళు.
జూన్‌లో కొత్త కాగితం వచ్చింది.
ఏడు, నాలుగు.
ఆ తొమ్మిది రోజులకి అందులో గడి లేదు.

మళ్ళీ మంచు పడ్డాక అదే కొట్లో ఆవిడ.
ఈసారి సరైన కోటు.
రెంటిలో ఒకటి మూస్తారని బోర్డులో మాట నడుస్తోంది,
ఏదని ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు.
"మావాడి ఎడమచేతిది ఒకటి పోయిన ఫిబ్రవరిలో
ఒడ్డు బళ్ళోనే ఉండిపోయిందట, ఆకుపచ్చది. కనబడితే..."
చూస్తానన్నాను.

నా పనిముట్ల పెట్టెలో ఉంది అది.
లోపల ఎర్రదారంతో ఎజ్రా అని కుట్టి ఉంది.
నావి మూడు వేళ్ళే పడతాయి.
కాలే వాల్వు తిప్పడానికి సరిగ్గా సరిపోతుంది,
అక్కడా, ఇక్కడా.