మొదలంటా

ఆరో ఆదివారానికి మా అరచేతులు
మావి కాకుండా పోయాయి.
బొబ్బలు చితికి, వాటి మీద పసుపు,
పసుపు మీద మళ్ళీ గొడ్డలి పిడి.

నీవా గట్టున మునిసిపాలిటీ పార్కు.
పార్కని గేటు మీద రాసుంది కాబట్టి పార్కు.
లోపల సగం జారుడుబండ,
తొండం విరిగిన సిమెంటు ఏనుగు,
తక్కినదంతా సర్కారు కంప.

మొదటి రోజు నాగరత్నం మేడం
మైకులో చెప్పింది:
"ఇది మన చెట్టు కాదు.
ఎక్కడి నుంచో వచ్చింది, నీళ్ళన్నీ తాగేస్తుంది,
తన కింద గడ్డిపరకని కూడా బతకనీదు."
నలభై మందిమీ తలలూపాం.
గుడియాత్తం నుంచి రోజూ బస్సులో వచ్చే తమిళరసి
నా చెవిలో అంది:
"కౌన్సిలింగులో నన్నూ ఇట్నే రాసినారు మే,
నాన్‌లోకల్ అని."
నవ్వాం. నవ్వి,
ఒకే కొమ్మని ఇద్దరం పట్టుకుని లాగాం.

కంప ఊరుకోదు.
చెప్పు అట్ట దాటి, సాక్సు దాటి
మడమలోకి పోయి అక్కడ విరిగి కూర్చుంటుంది.
హేమాద్రికి దిగిన ముల్లుని
పిన్నీసు దొరక్క
ఇంకో కంప ముల్లుతోనే తీశాం.
సామెతలు ఎవరో కూర్చుని అల్లినవి కావని
వాడి కేకతో తెలిసింది.

మూడో వారం
మొదట నరికిన మోడు దగ్గరికి పోయి చూస్తే
చుట్టూ చిగుళ్ళు, వేలెడేసి,
ఏమీ జరగనట్టు.
మేడం ముందు అనలేదు గానీ
లేత ఎండలో అవి
అందంగానే ఉన్నాయి.

గేటు కాడ కట్టెలు మోపు కట్టుకునే గంగులమ్మ
అప్పటిదాకా మాతో మాట్లాడింది లేదు.
ఆ రోజు మోపు దించి వచ్చింది.
"నడుం కాడ కొడితే దానికి ఎకసెక్కం పాపా.
మొదుట్లో తవ్వాల.
మట్టి కింద జానెడు లోతున ముడి ఉండాది,
దాని పానమంతా ఆడనే."
గొంతు కూర్చుంది. గడ్డపారతో నాలుగు పోట్లు.
మట్టిలోంచి బయటపడింది,
ముసలి మోకాలు చిప్పలా, నల్లగా.
దాన్ని చేత్తో నిమిరి
పక్కన పెట్టింది.

బస్టాండు ముందు ఆమెది ఇడ్లీ బండి.
ఇరవై ఏళ్ళుగా ఆ పొయ్యిలో కాలేది ఈ కంపే.
"గ్యాసు బండకి వెయ్యి పోయాల.
ఇది ఏ పొద్దూ పైసా అడగలా."
"మరి మాకెందుకు చెప్తివి అవ్వా?"
"ఏం చేసేది? మీ కాళ్ళు చూడలేక."

ఆ తర్వాత పని తొందరగా అయింది.
చివరి ఆదివారం లెక్క చూసుకున్నాం,
రెండొందల పన్నెండు.
బ్యానరు పట్టుకుని ఫోటో దిగాం.
ఎండ అంతకుముందు ఎక్కడ దాక్కుందో
నేల మీదికి ఒక్కసారిగా దిగింది.

వాచ్‌మన్ చెంగల్రాయులు
విరిగిన కుర్చీ ఒకటి చేత పట్టుకుని
పార్కంతా తిరుగుతున్నాడు.
"దీన్ని యాడేసుకునేది నాయనా, ఇంక?"
మా కాగితాల్లో
ఈ ప్రశ్నకి గడి లేదు.
నాటిన కానుగ మొక్కల్లో
ఎత్తుగా ఉన్నదాని పక్కన వేసుకున్నాడు చివరికి.
దాని నీడ
ఆయన ఎడమకాలి చెప్పుకి సరిపోయింది.

సాయంత్రం తమిళరసి బస్సు కోసం
గంగులమ్మ బండి దగ్గర నిలబడ్డాం.
మా కంపే మండుతోంది,
చిటపటమని, పొగ తక్కువ.
వేళ్ళతో ఇడ్లీ తుంచుతుంటే
బొబ్బల్లోకి కారం దిగింది.

"ఈ కట్టెలు ఎన్నాళ్ళకొస్తాయి అవ్వా?"
"దీపావళి దాకా."
"ఆ తర్వాత?"

ఇంకో గరిటె
చట్నీ వేసింది.