అన్నానికి అరగంట ముందు

పొందూరులో మా మందుల షాపుకి
పొద్దున్నే మొదటి బేరం సూరీడమ్మదే.
కొంగుముడి విప్పి డబ్బులు తీసేలోగా
నేను షట్టరెత్తి, బల్ల తుడిచి,
పటం ముందు అగరొత్తి వెలిగించేస్తాను.
సాయం చెయ్యబోతే ఒప్పుకోదు.
"ఉండు బాబూ, నా ముడి నానే ఇప్పుకోనీ."

నూరో నంబరు దారం తీసిన వేళ్లు.
కొండపత్తిని వాలుగచేప దవడతో దువ్వి,
అరటి దొప్పలో ఏకులు దాచుకుని,
కదురు మీద గాలిని పేనినట్టు పేనేది.
ఇప్పుడా బొటనవేలూ చూపుడువేలూ
లేని ఏకుని పట్టుకుని
పగలంతా ఊరికే తిప్పుతుంటాయి.

శ్రీకాకుళం డాక్టరు చీటీలో రాసింది నోరు తిరగని పేరు.
వీధిలో అందరూ వణుకు అంటారు.
వడుకుకీ వణుకుకీ ఒక్క అక్షరమే తేడా.

ఒకరోజు చీటీ నా ముందు పెట్టి అడిగింది:
"మింగింది పొట్టలోకెల్తాది గదా,
తలకాయలోకి ఎలగెల్తాది?"

నాలుగేళ్ల ఫార్మసీ చదువులో
ఇంత సూటిగా ఎవరూ అడగలేదు.

చెప్పాను.
అమ్మా, మెదడుకి కాపలా ఒక గోడ.
ఇటుకలది కాదు, నేతలాంటిది.
సన్నటి రక్తనాళాల్లో కణాలు
సందు లేకుండా అతుక్కుని,
మీ సంఘం పంచె కన్నా బిగువుగా ఉంటాయి.
నీకు లోపల కరువైన సరుకుని
నేరుగా పంపితే ఆ గోడ రానివ్వదు.
అందుకని గుడ్డకి బదులు
ఏకుని పంపుతున్నారు.
అవతలికి చేరాక అక్కడే దారమవుతుంది.

"ఏకునైతే ఎలగ రానిచ్చిందీ?"

గోడకి రేవులున్నాయమ్మా, పడవలున్నాయి.
పప్పులోవీ చేపలోవీ సన్నటి ముక్కల్ని దాటించే పడవొకటి.
నీ మందు వాటి పోలికే.
ఆ గుంపులో కలిసి ఎక్కేస్తుంది.

నేను ఇంకా రేవులోనే ఉన్నాను,
ఆమె ఒడ్డెక్కేసింది.
"అయితే పప్పు తిన్న పూట పడవ నిండిపోద్ది.
మా సిన్నప్పుడు నాగావళి దాటాలంటే అంతే,
సంతరోజు మేకలెక్కేత్తే మడిసికి సోటుండేది కాదు.
అందుకేనా, మొన్న కానాగంతల పులుసు తిన్నాక
సెయ్యి నిలవనేదు!"

స్ట్రిప్పు మీద నేను ఎర్ర పెన్నుతో రాసిన
'అన్నానికి అరగంట ముందు'
ఆమెకి చదవడం రాదు.
ఇక చదవక్కర్లేదు కూడా.

మాత్రలో ఇంకోడున్నాడమ్మా, తోడొచ్చినవాడు.
దారిలో పేగుల దగ్గర, నెత్తుట్లో,
ఏకుని అక్కడే వడికేసి పాడుచేసే చేతులుంటాయి.
వాటిని కట్టేసి పట్టుకుంటాడు.
వాడు మాత్రం గోడ దాటడు.

సూరీడమ్మ చాలాసేపు మాట్లాడలేదు.
వేళ్లు తిరుగుతూనే ఉన్నాయి.
"అయితే ఆడికి తెలీనే తెలీదన్నమాట,
లోపలికెల్లినోడు ఏటి సేసేడో."

నేను చిల్లర లెక్కపెట్టాను. రెండుసార్లు.

తర్వాత ఆమె రోజు మారిపోయింది.
పప్పూ చేపా రాత్రికి జరిగాయి.
పగలు దవడ, రాత్రి చేప అని తనే నవ్వుతుంది.
పక్కింటి తవుడమ్మ గడియారం చూస్తుంది:
మాత్ర పడ్డాక ముప్పావుగంటకి చెయ్యి కుదురుతుంది,
మూడు గంటలు ఉంటుంది,
ఆపైన చెప్పకుండా వెళ్లిపోతుంది.
ఆ మూడు గంటల్లోనే రాట్నం.
కొన్నాళ్లు మూడూ రావు.
ఎండాకాలంలో ఒక వారమంతా
పడవ ఎందుకు రాలేదో డాక్టరూ చెప్పలేకపోయాడు.

నిన్న ఒక చిలప తెచ్చి బల్ల మీద పెట్టింది.
"సంగానికిచ్చేదే. ముందు నువ్వు సూడు."
కళ్లకి ఏమీ కనిపించలేదు, తెల్లగా ఉంది.
బొటనవేలితో మెల్లగా పోనిచ్చాను.
తెగినచోట అతికిన ముడులు తగిలాయి.
"ఎన్నున్నాయి?" అంది,
ముందే తెలిసిన మనిషిలా.

ఏడు లెక్కపెట్టాను.
ఎనిమిదోది ఉందేమో,
నా వేలికి అందలేదు.