ఎన్నో దెబ్బ

నిడుజివ్వి గనుల్లో ఇప్పుడు రాత్రిపూటే పని.
పొద్దు పది దాటితే రాయి మీద చెయ్యి ఆనదు,
సమ్మెట కూడా పొయ్యి మీది పెనమే.

జనరేటరు వెలుతుర్లో
వరసగా పదకొండు చీలలు నిలబెట్టి
పక్కీరయ్య బండ మీద అరచెయ్యి పరుస్తాడు.
ముప్పై ఏళ్ల మందుగుండు చెవుల్ని తినేసింది,
ఆయనిప్పుడు చేత్తో వింటాడు.

మొదటి దెబ్బకి ఏమీ కాదు.
ఆరో దెబ్బకి ఏమీ కాదు.
పద్నాలుగుకి, కొత్తగా పనికొచ్చిన కుళ్ళాయి నవ్వుతాడు:
"ఏందబ్బా, యీ రాయికి సావు ల్యాదా?"

పదిహేడు.
బండ చెక్కుచెదరలేదు, కంటికి.
పక్కీరయ్య చెయ్యి మాత్రం ఉలిక్కిపడుతుంది.
ఖంగుమనే గొంతు లోపలెక్కడో బొంగురుపోయింది.
"ఇంక సాలు. దించు సమ్మెట."

మేం బీడీ సగం కాల్చకముందే
ఎవరూ ముట్టుకోకుండానే
ఈ కొస నించి ఆ కొసకి
కోక చించిన చప్పుడుతో
బండ దానంతటదే విడిపోతుంది.

చుట్టూ ఇన్ని సిమెంటు ఫ్యాక్టరీలు,
దాన్ని మళ్లీ అతికించే పిడికెడు
ఏ ఒక్కదాంట్లోనూ దొరకదు.

మొన్న యర్రగుంట్ల టీకొట్టు టీవీలో ఎవరో చెప్తాండారు,
లోకం ఒకటిన్నర డిగ్రీ కాగిందంట,
పేరు పలకరాని మంచుదేశంలో
గడ్డల అడుగున నీళ్లు పారుతాండాయంట.
అందరూ నవ్వినారు.
నలభై ఆరు మోసినోళ్లం, ఒకటిన్నర మాకో లెక్కా!
చీనీతోటకి ఐదో బోరేసి దుమ్ము చూసిన గంగిరెడ్డీ నవ్వినాడు,
ఒక్క రాత్రి వానకి పెన్నలో
నాలుగు బర్రెలు పోగొట్టుకున్న లచ్చుమక్కా నవ్వింది.
నేనూ నవ్వినా.

పక్కీరయ్యకి ఆ మాటలు వినపడలేదు.
తెర మీద మంచుకొండ విరిగి పడడం చూసినాడు.
గ్లాసు కింద పెట్టి నన్నడిగినాడు:
"దాని మీద చెయ్యి పెట్టినోడు ఎవుడన్నా ఉండాడా ఆడ?
గొంతు మారినప్పుడు సెప్పినాడా?"
చెప్పినారంటలే, అని సైగ చేసినా.
"మరి సమ్మెట దించల్యా?"

ఈ రాత్రికి ఇది రెండో బండ.
మూడు దాటినా రాయి చల్లబడలేదు.
పన్నెండో, పదహారో, నేను లెక్క తప్పినా.
గట్టు మీద కాంట్రాక్టరు మనిషి
లారీ హారన్ మోగిస్తానే ఉండాడు.
కుళ్ళాయి సమ్మెట పైకెత్తినాడు.

పక్కీరయ్య చెయ్యి
ఇంకా బండ మీంచి లేవలేదు.